మగ్గం గుంతలో నాలుగు కాళ్లు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. జములమ్మ తల్లి మీద ఒట్టు. నా దుకాణంలోని తరాజు మీద కూడా ఒట్టు వేసేవాణ్ణే గానీ, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల రైతులెవరైనా ఇది చదివితే పక్కవాణ్ణి పిలిచి మరీ నవ్వుతారు. అందుకని తరాజును వదిలేస్తున్నాను. నాకు అబద్ధాలకోరని పేరుంది. ఖిల్లా ఘణపూర్ గుట్ట మీద చిరుతపులి నా చేతిలోంచి బొరుగులు తిన్నదని నేను చెప్పిన మాట వాస్తవం. అది తినలేదన్నదీ వాస్తవమే. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. ఇది మా మేనత్త ఇంటి సంగతి. ఇంటి సంగతిలో అబద్ధం కలపడం అన్నంలో రాయి కలపడం లాంటిది, ముందు మన పన్నే విరుగుతుంది.

మొన్న మృగశిర కార్తెలో తొలి వాన పడిన మర్నాడు సంగతి. నాది విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణం. ఏడాదిలో ఆ వారమంతా పత్తి విత్తనాలకు పోటీగా చీమల మందు పోతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, ఏదో ఆఫీసులో పనిచేసే మనిషి, ఆటో దిగి గొడుగు మూయకుండానే అరిచాడు. "అన్నా, చీమల మందు ఇయ్యి. జర గట్టిది." యాడ పట్టినయి అని అడిగాను. ఇంట్లనే అన్నాడు. "ఇంట్ల అంటే? పొయ్యికాడనా, దేవునికాడనా, స్విచ్చిబోర్డులనా? ఎర్రవా, నల్లవా? దేనికోసం వస్తున్నయి?" ఆయనకు కోపం వచ్చింది. "మందు అమ్ముతవా, శీమలకు జాతకం రాస్తవా?" అని, పక్క దుకాణంలో కొనుక్కుని పోయాడు. వచ్చే వారం మళ్లీ వస్తాడు. వస్తారు, నాకు తెలుసు.

ఎందుకంటే చీమ ఊరికే రాదు. వాన నీళ్లు పుట్టలోకి దిగినప్పుడు దానికి మన ఇల్లు పొడిగా కనిపిస్తుంది, అందుకని గుడ్లు నోట కరుచుకుని గోడ ఎక్కుతుంది. ఎక్కాక తిండి వెతుకుతుంది. ముందు ఒకటి వచ్చి చూసిపోతుంది, అది వదిలిన వాసన పట్టుకుని మిగతా బలగమంతా బారుకడుతుంది. మనం మందు చల్లేది బారు మీద. బారు చస్తుంది, పుట్ట చావదు. అందుకే చెబుతాను, ఆ దారిని సబ్బునీళ్లతో కడగండి, వాసన పోతుంది. గోడలో పగులుంటే సిమెంటు మెత్తండి. గోడను తాకుతున్న కొమ్మ కొట్టేయండి. బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టండి. ఇదంతా ఉచితంగా చెబుతాను కాబట్టి ఎవరూ వినరు. అన్నిటికన్నా ముందు అవి దేనికోసం వస్తున్నాయో కనుక్కోండి అంటాను. అది అసలే వినరు. ఆ ప్రశ్న నేను గద్వాలలో నేర్చుకున్నాను. దానికి ఒక కాలు ఖర్చయింది. నాది కాదు.

డిగ్రీ చదవడానికని నన్ను గద్వాలలో మా మేనత్త ఇంట్లో పెట్టారు. చదివింది తక్కువ, అత్త చేతి జొన్నరొట్టె తిన్నది ఎక్కువ. నేతపని వాళ్ల వీధి. పొద్దున లేస్తే ఇంటింటా మగ్గాల చప్పుడు, ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలయ్యేది. వీధి పొడుగునా పడుగు దారాలు చాపి వాటికి గంజి పట్టించేవారు. ఆ గంజి పులిసిన వాసన, నూనె వాసన, తడి నూలు వాసన కలిసి ముక్కులో కూర్చునేవి, ఇప్పటికీ లేవలేదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ నేతలోనే కలుపుకుంటూ పోవాలి. అందుకని అత్త ఇంటి పెద్ద మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చునేవారు. నడుమ మా మామ, అంచు పక్కన వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, అంటే మా బావ. నేలలో నడుములోతు గుంత తవ్వి, దాని గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి చెక్కలు తొక్కాలి. ఒక గుంతలో నాలుగు కాళ్లు.

మామ గురించి మంచిమాట ఒకటి చెప్పి మొదలుపెట్టాలని చాలాసేపు ఆలోచించాను. బాగా నేసేవాడు. అంతే. మిగతా విషయాల్లో ఆయన నోరు తుమ్మముల్లు. అత్తను ఎద్దును పిలిచినట్టు నాలుకతో టకటకా చప్పుడు చేసి పిలిచేవాడు. నన్ను "ఏమయ్యా డిగ్రీ" అనేవాడు. కొడుకును పిలవడానికి పేరు అక్కర్లేదు, చేతిలోని నాడె చాలు. అది పోగును అటూ ఇటూ నడిపే ఇత్తడి మూతుల కర్ర నాడె. పోగు తెగినా, అంచు వంకరపోయినా, అది పడుగులోంచి లేచి నేరుగా బావ నెత్తి మీద దిగేది. బావకు తరవాత రోజుల్లో ఆ ఒక్క జాగాలోనే వెంట్రుకలు ముందుగా నెరిశాయి. పాతికేళ్లు దాటినా అతను అంచు దగ్గరే ఉండిపోయాడు. సంబంధాలు చూడవచ్చినవాళ్లు కూడా అడిగేవారు, పిల్లగాడు మగ్గం మీదున్నాడా, మగ్గం పక్కనున్నాడా అని. పక్కన అని తెలిశాక చాయ్ తాగి పోయేవారు. అతనికి ఈ లోకంలో కావలసింది ఒక్కటే, మామ కూర్చునే ఆ జానాబెత్తెడు చోటు.

మామ ఇవ్వనన్నాడు. ఎందుకివ్వడో చెప్పాడు కూడా, వీధిలో అందరూ వినేలా. "శీమ కుడితే కాలు లేపేటోడు నా జాగల కూసోడు."

ఇక్కడ చీమల సంగతి చెప్పాలి. ఏడాదంతా ఆ గుంత నిమ్మళంగా ఉండేది. తొలి వానకు మట్టి నాని, గుంత గోడల్లోంచి ఎర్రచీమలు పుట్టుకొచ్చేవి. పడుగు మీంచి రాలిన గంజి పొడి, చెక్కలకు రాసిన నూనె, అన్నీ కింద వాటికోసమే వడ్డించినట్టు ఉండేవి. వాటి మధ్య నాలుగు పాదాలు. గుంతలో మందు చల్లకూడదు, అది కట్టడి. చెప్పులతో దిగకూడదు, ఉమ్మకూడదు, విషం పోయకూడదు. కడుపు నింపే గుంత తల్లి కడుపుతో సమానమట. అందుకని మా అత్త ఏం చేసేదంటే, గుంత చుట్టూ గట్టు మీద పసుపు, ఉప్పు, పొయ్యి బూడిద కలిపి దిట్టంగా గీత గీసేది. చీమలేమో గుంత లోపలి గోడల్లో ఉండేవి. అంటే ఆ గీత చీమల్ని లోపలికి రాకుండా ఆపేది కాదు, బయటికి పోకుండా ఆపేది. ఈ మాట నేనొకసారి అత్తతో అన్నాను. "నీకెందుకు అల్లుడా, నువ్వు పోయి సదువుకో" అంది. ఆ మర్నాడు గీత ఇంకా మందంగా గీసింది.

ఆ వానాకాలం మగ్గం చూడటానికి నేను కాలేజీ ఎగ్గొట్టేవాణ్ణి. బావ నాడె వేయగానే చీమ కుట్టేది. అతను పెదవి కొరికి ఆగేవాడు. రెండోది కుట్టేది. కాలు ఎగిరేది, మోకాలు పడుగుకు తగిలేది, పోగు టప్పున తెగేది. నాడె లేచేది.

"ఏందిరా? గుంతల నాలుగు కాళ్లున్నయి. రెండే ఎందుకు దుంకుతున్నయి?"

"కుడుతున్నయి నాయినా."

"నన్ను కుడ్తలెవ్వా? నా రక్తం చేదా?"

"నీకు మండుతలేదా?"

"మండుడేంది! పాకిందే తెలుస్తలేదు నాకు. పని చేసి చేసి ఒళ్లు గిట్ల గట్టిపడాలె. నీ లెక్క పప్పు తిని మెత్తబడితే శీమ గాదు, ఈగ వాలినా ఏడుస్తవ్."

అది గొప్ప కాదు, నిజంగానే ఆయనకు తెలిసేది కాదు. గుంతలోంచి కాలు పైకి తీస్తే మడమ నుంచి చీలమండ దాకా చీమలు కరుచుకుని వేలాడేవి. వాటిని నూలు దులిపినట్టు దులిపి మళ్లీ లోపలికి వేసేవాడు. చుట్టుపక్కల నేతగాళ్లు చూడవచ్చేవారు. మామ వాళ్లకు కాలు చూపించేవాడు, తరవాత కొడుకును చూపించేవాడు. "ఇగో, నా కాలు సూడుర్రి. ఇగో, నా కొడుకును సూడుర్రి." అందరూ నవ్వేవారు. బావ తల వంచుకుని తెగిన పోగు ముడివేసుకునేవాడు. అంత వేగంగా ముడివేసే చెయ్యి గద్వాలలో మరొకటి లేదు. తెగడం అంత ఎక్కువ మరి.

నా నోరు ఊరుకోలేదు. మామ తాత ఒకనాడు కృష్ణలో వరదకు కొట్టుకుపోతున్న చీమల రాణిని మోదుగాకు మీద ఎక్కించి గట్టున వదిలాడనీ, మీ వంశంలో మగవాళ్లను మావాళ్లు కుట్టరని అది వరమిచ్చిందనీ నేను ఒక టీ కొట్టు దగ్గర చెప్పాను. మరి కొడుకును ఎందుకు కుడుతున్నాయని ఎవరో అడిగితే, వరం పెద్దవాళ్లు చెప్పిచ్చేదాకా దిగదని అప్పటికప్పుడు కలిపాను. వారం తిరక్కుండా ఇటిక్యాల నుంచి ఒక రైతు వచ్చాడు. వేసిన విత్తనం వేసినట్టే చీమలు మోసుకుపోతున్నాయట, మంత్రం కావాలట. మామ నావైపు ఒక్క చూపు చూసి, పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసి, దాని మీద గంభీరంగా ఊది ఇచ్చాడు. ఆ రాత్రి వానకు ఇటిక్యాల చేలల్లో చీమలేం ఖర్మ, గట్లే కొట్టుకుపోయాయి. రైతు మామిడిపండ్ల గంపతో వచ్చి కాళ్లకు మొక్కాడు. మామ పండ్లు తీసుకున్నాడు. బావకు ఒక్కటీ పెట్టలేదు. "కాలు నిలిపినోడు తింటడు."

అదే వానాకాలం ఇంటి వెనక ఇంకో చీమల బారు పుట్టింది. స్నానాలకీ గిన్నెలకీ ఇంటి వెనక బండలు పరిచిన జాలారు ఉండేది. మగవాళ్లు రాత్రిపూట దూరం పోలేక దాని మూలకే కానిచ్చేవారు. ఆ మూలకు నల్లచీమలు బారుకట్టాయి. అత్త నీళ్లు కొట్టింది, బూడిద పోసింది, కిరోసిన్ పోసింది, చివరికి చీమల మందు కూడా చల్లింది, జాలారుకు కట్టడి లేదు గదా. రెండు పూటలు పోయి మళ్లీ అక్కడికే వచ్చేవి. గిన్నెలు తోమే వైపుకు రావు, అన్నం మెతుకుల వైపుకు రావు, ఆ మూలకే వస్తాయి. అత్త చాలా పరేషాన్ అయి, చివరికి పక్కింటామె మీద పడింది. వాళ్ల గోడ ఇవతలికి బెల్లం చాయ్ నీళ్లు పారబోస్తోందని ఆమె అనుమానం.

"ఏమే వదినె, నీ చాయ్ గిన్నె కడగనీకె నా జాలారే దొరికిందా? శీమలు ఎట్ల పట్టినయో సూడు!"

పక్కింటామె గోడ మీద మోచేతులు పెట్టి తీరిగ్గా జవాబిచ్చింది. "మా ఇంట్ల చాయ్ నీళ్లు పారబోసేంత సిరి లేదు గానీ, నీ మొగడే తేనె పోస్తున్నడేమో పోయి సూడరాదు!"

ఇంకెవరైనా అయితే ఆ మాటకు సిగ్గుపడి లోపలికి పోయేవారు. మా అత్త కొంగు బిగించింది. "అవునే, నా మొగనిది తేనెనే! అందుకే శీమలొస్తున్నయి. నీ మొగనిది వేప కషాయం, అందుకే శీమ గూడ మీ ఇంట్లకు తొంగిచూడదు!"

వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. తరవాత నవ్వు మొదలైంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా మామ పేరు మారిపోయింది. కల్లు దుకాణంలో ఆయన లేచి పక్కకు పోతే, "అన్నా, ఒక సీసల పట్టియ్యి, దగ్గుకు మంచిది" అని అరిచేవారు. మామకు కోపం రాలేదు సరికదా, మీసం దువ్వుకున్నాడు. పైన వంటికి నొప్పి తెలీదు, కింద తేనె కారుతుంది, ఇంక మనిషికి ఏం కావాలి? ఆయన కుండెడు నీళ్లు తాగి మళ్లీ నీళ్లడిగితే, మగ్గం మీద దాహం అలాగే ఉంటుందనుకున్నాం. తిన్నది ఒంటికి పట్టక గూడలు తేలితే, ముసలితనం అనుకున్నాం. ఎవరమూ గుడ్డివాళ్లం కాదు. చీమలు రోజూ ఇంటికి వచ్చి చెప్పిపోతుంటే, వాటి మీద కిరోసిన్ పోశాం.

మరుసటి వానాకాలానికి గుంతలో వాసన మొదలైంది. గంజి వాసన కాదు. ఎలుక చచ్చిందన్నాడు మామ. కొడుకును గుంతలోకి దింపి వెతికించాడు. బావ చేతులతో మట్టి గోకి, చెక్కలు ఎత్తి, మూలమూలా చూశాడు. ఎలుక లేదు. "కండ్లు యాడ వెట్టినవ్‌రా? ముక్కు లేదా నీకు?" అని పైనుంచి మామ నాడెతో ఒక్కటిచ్చాడు. బావ ముక్కు పట్టుకుని వాసన వెంబడే పోయాడు. గుంత గోడ కాదు, చెక్క కాదు, కిందికి వేలాడుతున్న మామ కుడికాలు దగ్గర ఆగాడు. ఆ కాలు పట్టుకుని అరికాలు వెలుతురు వైపు తిప్పాడు. నేను పైనుంచి వంగి చూశాను, చూడకుండా ఉండాల్సింది. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంట. దాని లోపలికీ బయటికీ చీమలు, సంతకు పోయివస్తున్నట్టు.

"దొరికింది నాయినా" అన్నాడు బావ.

"యాడుంది?"

"నీ కాలుకే ఉంది."

మామ నవ్వాడు. కొడుకు పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. ఆ కాలు తన చేతుల్లోకి తీసుకుని చూసుకున్నాక కూడా చాలాసేపు ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

కర్నూలుకు తీసుకుపోయాం. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఉందన్నారు, అది కాళ్లలో నరాలను చంపేసిందన్నారు, అందుకే ఇన్నాళ్లూ నొప్పి తెలియలేదన్నారు. పుండు ఎముకకు పట్టింది, మోకాలి కింద తీసేయాలన్నారు. డాక్టరు వయసులో చిన్నవాడు, మాట మెత్తన. అత్తనడిగాడు. "అమ్మా, మూత్రం పోసిన జాగాల ఎప్పుడన్న చీమలు పట్టినయా?" అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడుస్తోందని డాక్టరు అనుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఆమె కళ్లు చూశాను. అవి గోడ మీద మోచేతులు పెట్టిన పక్కింటామెను చూస్తున్నాయి.

కాలు తీసేసిన మామ ఇంటికొచ్చాడు. పెద్ద మగ్గం ఎదుట నులకమంచం వేశారు. బావ పోయి నడుమ కూర్చున్నాడు. అంచు దగ్గరకు ఒక దగ్గరి చుట్టాన్ని పిలిచారు. అడిగి తీసుకోవాల్సిన చోటు అడగకుండానే వచ్చింది. ఆ సంబరమేదీ బావ మొహంలో కనిపించలేదు. మామను పలకరించడానికి వచ్చిన నేతగాళ్లు ఇప్పుడు మగ్గం చూడకుండా ఆ మడిచి కుట్టిన ధోవతి అంచు చూసేవారు. ఒకాయన, పాత అలవాటు కొద్దీ, "ఇంక శీమల బాధ సగమే అన్నా" అన్నాడు. మామ కూడా నవ్వాడు. ఆ వీధిలో నవ్వకపోతే ఇంకా ఎక్కువ కొడతారు.

మళ్లీ మృగశిర వచ్చింది. వాన పడింది. గుంత గోడల్లోంచి ఎర్రచీమలు దిగాయి. మామ మంచం మీంచి మెడ చాపి చూసి అన్నాడు. "ఒరేయ్, ఆ గుంతల మందు పొయ్యి."

"గుంతల మందు పొయ్యద్దని నువ్వే అంటివి గద" అన్నాడు బావ, నాడె ఆపకుండా.

"నేనే చెప్తున్న. పొయ్యి."

"తల్లి కడుపుల విషం పోస్తరా నాయినా?"

బావ నేస్తున్నాడు. నేను ఆ రోజు సెలవు మీద వచ్చి గడపలో కూర్చున్నాను. అంచు దగ్గరి చుట్టం రెండుసార్లు ఎగిరి, తిట్టుకుంటూ లేచి బయటికి పోయాడు. గుంతలో ఇప్పుడు రెండే కాళ్లు, రెండూ కదల్లేదు. చెక్కలు తొక్కడానికి తప్ప లేవలేదు. బావ మొహం చెక్కలాగే ఉంది. మామ చూస్తూ ఉన్నాడు.

"కుడుతున్నయారా?"

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది.

"నిన్నే. కుడుతున్నయా?"

"ఏమో" అన్నాడు బావ. "పాకినట్టే తెలుస్తలేదు."

మామ మంచం మీంచి లేవబోయి, లేని కాలు మీద నిలబడబోయి, దబ్బున పడ్డాడు. అత్త అరుస్తూ పరుగెత్తుకొచ్చేలోపే డేక్కుంటూ గుంత దాకా పోయాడు. పసుపు గీత మీంచి పొట్ట ఈడ్చుకుంటూ పోయి, బోర్లాపడి, రెండు చేతులూ గుంతలోకి దించి, కొడుకు పాదాల మీది చీమల్ని తుడవడం మొదలుపెట్టాడు. అవి ఆయన చేతుల మీదికి ఎక్కాయి. చేతులకు ఇంకా ప్రాణముంది. "అబ్బా!" అన్నాడు. అయినా తుడిచాడు. "మండుతుందా లేదా చెప్పురా! నీ కాళ్లు మొక్కుత, ఒక్క మాట చెప్పు. మండుతుందా?" నిజంగానే కాళ్లు మొక్కుతున్నట్టే ఉంది, చేతులు అక్కడే ఉన్నాయి గదా.

అప్పుడు బావ నాడె పక్కన పెట్టాడు. కాళ్లు రెండూ పైకి తీసి, గట్టు మీద తండ్రి మొహం ముందు చాపాడు. ఎర్రగా దద్దుర్లు తేలి ఉన్నాయి. "సంపుతున్నయి నాయినా" అన్నాడు. "మంట తలకెక్కింది. నీతో పరాచికమాడిన." మామ ఆ పాదాలను పట్టుకుని, ముందు తిట్టాడు, తరవాత నవ్వాడు. బావ కూడా నవ్వాడు. అత్త సున్నం తెచ్చి ఒకరి కాళ్లకూ ఒకరి చేతులకూ పూసింది.

ఇక ఒప్పుకోవాలి. ఇందులో కల్పించిందేదో మీరు ఈపాటికి ఊహించి ఉంటారు. చీమల రాణి కథ నేను టీ కొట్టు దగ్గర చెప్పిన మాట నిజం. ఇటిక్యాల రైతు వచ్చింది, మామిడిపండ్లు ఇచ్చింది నిజం. తేనె గొడవ నిజం, ఆ వీధిలో ముసలివాళ్లెవరినడిగినా నవ్వుతూ చెబుతారు. గుంతలోకి దిగిన ఆ రెండు చేతులు నిజం. నేను కల్పించింది ఆ తరవాతి కొంచెమే. బావ నాడె పక్కన పెట్టలేదు. కాళ్లు పైకి తీయలేదు. తండ్రి అలా బోర్లాపడి అడుగుతుంటే, ఆయన చేతులు కాళ్ల మీద ఉండగానే, అతను నేస్తూనే ఉన్నాడు. చివరికి నేనూ అత్తా కలిసి మామను లాగి మంచం మీద వేశాం.

ఆ తరవాత మామ పోరు పడలేక బావను పరీక్షకు తీసుకుపోయాం. రక్తంలో ఏమీ లేదన్నారు. మామ నమ్మలేదు. తన రక్తం కూడా ఇన్నేండ్లు అబద్ధమే చెప్పిందనేవాడు. బావ ఇంటి వెనక జాలారుకు పోయివచ్చినప్పుడల్లా ఆయన డేక్కుంటూ అక్కడికి పోయి, ఆ మూలన కూర్చుని, చీమలు వస్తాయేమోనని చూసేవాడు. ఎండలో కూర్చునేవాడు, తుంపర్లో కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "జర ఆగు, ఇంక రాలే" అనేవాడు. వీధివాళ్లు గోడ మీంచి చూసి ఈసారి నవ్వలేదు. ఎప్పుడో ఒక నల్లచీమ దారి తప్పి వస్తే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. ఆ ఏడాది దీపావళికి ఆయన లేడు.

బావ ఇప్పుడూ గద్వాలలోనే నేస్తున్నాడు. గుంతకు సిమెంటు చేయించాడు, చీమలు రావు. మొన్న ఆ ఇస్త్రీ చొక్కా ఆయన పోయాక నేనే ఫోన్ చేసి, ఇన్నాళ్లూ అడగనిది అడిగాను. "బావా, ఆనాడు మండిందా?" అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"మండకేం. పానం పోయినంత పనైంది."

"మరి చెప్పరాదా?"

"చెప్దామనే అనుకున్న బావా. జర ఏడిపించి, వచ్చే వానకు చెప్దామనుకున్న."

ఫోన్ పెట్టేశాక నాకు కొంతసేపు బేరం చేయబుద్ధి కాలేదు. వాన ఏటేటా తప్పకుండా వస్తుంది కాబట్టి, చెప్పవలసిన మాటకు కూడా ఏడాది గడువుంటుందని అనుకుంటాం.